తెల్లగా మిగిలిన గుడ్డ

జులై 14

ఈ ఉదయం అక్వేరియం మూత అంచున ఉప్పు పేరుకుని ఉండటం చూశాను. సన్నటి తెల్లటి గట్టు. ఒకచోట మాత్రం జానెడు మేర ఎవరో వేలితో తుడిచిన జాడ ఉంది, సగంలో ఆగిపోయి. అత్తయ్య వేలే. రోజూ కాఫీ తాగుతూ రెండో చేత్తో ఆ అంచు తుడవడం ఆమెకు అలవాటు. పదకొండు రోజులుగా ఎవరూ తుడవలేదు. తడిగుడ్డ తెచ్చాను. మిగతా ఉప్పు తుడిస్తే ఆ జాడ కూడా పోతుంది. గుడ్డ తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

అత్తయ్య నిన్న ఆసుపత్రి నుంచి వచ్చింది. తుంటి ఎముకకు మేకులు వేశారు. నెల రోజులు ఆ కాలు నేల మీద మోపకూడదు. మంచం వెనకగదిలో వేశాం. అక్కడి నుంచి హాల్లోని అక్వేరియం కనిపించదు. పంపు చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

అత్తయ్యను తీసుకొచ్చేలోపు నడవ అంతా వెనిగర్ నీళ్లతో మరోసారి తుడిచాను. స్ట్రెచర్ మీద లోపలికి వస్తూ అత్తయ్య ముక్కు ఎగబీల్చింది. "ఏమిటే ఈ వాసన? ల్యాబులో కప్పలా నన్ను కూడా సీసాలో ఊరబెడదామనా?" అంది. స్ట్రెచర్ మోస్తున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

జులై 15

అక్వేరియం మేజోడు మార్చాను. కింద బకెట్ పట్టుకుని.

జులై 17

నాన్న వచ్చారు. అత్తయ్య మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆగస్టు పదో తారీఖున వ్యాన్ తెస్తానని చెప్పారు. ఈ ఫ్లాట్ ఖాళీ చేసి తమ దగ్గరికి వచ్చేయమన్నారు. కింది గది ఖాళీగానే ఉంది, మెట్లెక్కే పని లేదన్నారు.

అత్తయ్య దెబ్బలాడుతుందనుకున్నాను. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన మనిషి, ఇద్దరు ప్రిన్సిపాళ్లతో మాట్లాడటం మానేసిన మనిషి. నాన్నను ఇప్పటికీ నిక్కరు వేసుకున్న తమ్ముడిలాగే చూస్తుంది. అలాంటిది, దిండు అంచు సరిచేసుకుంది.

"కాలు విరిగినందుకు కాదురా," అంది. "ఎముకన్నాక విరుగుతుంది. నడవలో నేను జారిపడ్డ ఆ నీళ్లు ఎప్పుడు ఒలకబోశానో గుర్తు రావట్లేదు. పొద్దున తొట్టిలో మంచినీళ్లు పోశాను, గుర్తుంది. జగ్గు కడిగి బోర్లించాను, అదీ గుర్తుంది. జగ్గు పట్టుకుని నడవలోకి ఎందుకెళ్లానో తెలియదు. అమ్మకి కూడా ఇలాగే మొదలైంది."

నానమ్మ చివరి నాలుగేళ్లూ నాన్నను పోస్ట్‌మాన్ అనుకునేది.

నాన్న నావైపు తిరిగి, నువ్వేమైనా చూశావా అని అడిగారు. లేదన్నాను. నీళ్లు పడటం నేను చూడలేదు. అది నిజమే.

వెళ్తూ గుమ్మం దగ్గర నా తల నిమిరారు. "నువ్వుండబట్టి సరిపోయింది. పిలవగానే పరిగెత్తుకెళ్లావు. లేకపోతే అక్క గతేమయ్యేదో."

అక్వేరియాన్ని చేపలాయనకు ఇచ్చేయడానికి అత్తయ్య ఒప్పుకుంది. చేపలాయన అంటే దుకాణం ఆయన. ఏడేళ్లుగా ఉప్పు, తిండి, ఉచిత సలహా ఆయన దగ్గరే.

జులై 18

లైబ్రరీలో ఈ రోజు నలభై పుస్తకాలకు నంబర్లు వేశాను. మూడింటికి తప్పు నంబర్లు. నేను తప్పులు వేయను.

సాయంత్రం చేపలాయన తొట్టి కొలతలు చూసుకోవడానికి వచ్చాడు. చిన్నదే, మూడడుగుల తొట్టి. రెండు నారింజరంగు చేపలు, ఒక రొయ్య, గుప్పెడు పగడాలు. పెద్ద చేప ఆడది, చిన్నది మగది. అత్తయ్య వాటిని ఆవిడ, ఆయన అంటుంది. చేపల పళ్ల మధ్య దూరి శుభ్రం చేసే రొయ్య పేరు డెంటిస్టు.

ఆయన కింది అర తెరిచి చూశాడు. పైతొట్టిలో నీళ్లు పొర్లి కిందితొట్టిలోకి దిగేచోట మేజోడు వేలాడుతుంది. అసలు పేరు ఫిల్టర్ సంచి. చేపల మురికంతా అందులో ఆగుతుంది. మూడు రోజులకోసారి తీసి, నడవ దాటి, బాత్రూంలో ఉతకాలి. తీస్తే ధారగా కారుతుంది. ఈ రోజుల్లో ఎవరూ ఇవి వాడటం లేదమ్మా, అన్నాడు ఆయన. రోలర్ ఫిల్టర్ అని వచ్చిందట. చుట్టలా తెల్లగుడ్డ ఉంటుంది, మురికి పట్టేకొద్దీ మోటారు దాన్ని లాగి కొత్త గుడ్డ ముందుకు తెస్తుంది. రెండు నెలలు దాని జోలికి పోనక్కర్లేదు. తడిసంచి మోసే పనే లేదు.

తడిసంచి మోసే పనే లేదు.

నేను దుకాణాల్లో చిల్లర తక్కువ వచ్చినా అడగని మనిషిని. అది నాకు కావాలి, రేపే కావాలి అన్నాను. నా గొంతేనా అనిపించింది. ఆయన అత్తయ్య గదివైపు చూశాడు. మేడం ఇచ్చేస్తానన్నారు కదమ్మా, అన్నాడు.

లోపలి నుంచి అత్తయ్య అంతా వింటోంది. "దాన్ని బిగించనీవయ్యా," అంది. "పదో తారీఖు దాకా చూద్దాం. ఇంట్లో ఒక్కటైనా దానంతటది నడిచేది ఉంటే నేను ఉండొచ్చేమో."

చేపలాయన వెళ్తూ మేనత్త మీద ఎంత ప్రేమమ్మా నీకు అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

జులై 20

కాన్వెంటులో శుక్రవారాలు ప్రతి పిల్లా ఆ వారం చేసిన తప్పును చీటీ మీద రాసి రేకుపెట్టెలో వేయాలి. పేరు రాయనక్కర్లేదు. సిస్టర్ వాటిని చదవదని, అలాగే కాల్చేస్తుందని చెప్పేవారు. నేను ప్రతివారం ఒకే తప్పు రాసేదాన్ని: ప్రార్థనలో పరధ్యానంగా ఉన్నాను. ఎవరూ చదవరని తెలిసి కూడా.

ఈ నోట్‌బుక్‌లో మూడో తారీఖు పేజీ ఖాళీగా ఉంది.

జులై 22

బిగించాను.

చేపలాయన పెట్టె తెచ్చి తాను చేస్తానన్నాడు. ఆయన పక్కన నిలబడి మాట్లాడటం కన్నా నేనే చేసుకోవడం తేలిక. పొద్దున మాన్యువల్ మూడుసార్లు చదివాను. నాలుగో పేజీలో ఉంది: ఫిల్టర్ పెట్టె కిందితొట్టిలో ఏ ఎత్తున ఉండాలన్నది నీటిమట్టాన్ని బట్టి. స్కేలుతో కొలిచాను. పంపు నడుస్తుండగా అద్దం మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. అంత చక్కటి గీత నేను ఎప్పుడూ పెట్టలేదు.

తర్వాత పంపు ఆపి, మేజోడు ఆఖరిసారి తీశాను. బకెట్‌లో పెట్టి మూత వేశాను. పెట్టెను గీత ప్రకారం దింపి మరలు బిగించాను. గుడ్డ కొసను కింది గొట్టం చుట్టూ తిప్పి పైచుట్టకు అంటించాలి. రెండుసార్లు తిరగేసి పెట్టాను. వెనకగది నుంచి అత్తయ్య కేకలు.

"గరుకువైపు నీళ్లకా, నునుపువైపా?"

చెప్పాను.

"ఫ్లోట్ ఆడుతోందా? వేలితో ఎత్తి చూడు."

ఎత్తాను. నీళ్ల మీద తేలే ఆ ఫ్లోట్ లేవగానే మోటారు గుర్రుమంది, చుట్ట వేలెడంత తిరిగింది. గుడ్డకు మురికి పడితే నీళ్లు దిగవు, మట్టం పెరుగుతుంది, ఫ్లోట్ లేస్తుంది, చుట్ట తిరుగుతుంది. అంతే దాని తెలివి. పంపు వేశాను. పైనుంచి నీళ్లు దూకి గుడ్డ మీద పడ్డాయి. గంటకు లేత గోధుమరంగు చార కనబడింది. నేల మీద బాసింపట్టు వేసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ అద్దం దగ్గరికి వచ్చి నన్ను చూసింది.

"పనిచేస్తోందా?" అంది అత్తయ్య.

"పనిచేస్తోంది."

"మా తల్లే. చేతులు పుస్తకాలు పట్టుకోవడానికే అనుకున్నాను."

నేల పొడిగా ఉందో లేదో చూసుకున్నాను. పొడిగానే ఉంది. నడవ ఆ కొస దాకా చూశాను.

జులై 23

నేల పొడిగా ఉంది.

జులై 24

పొడిగానే ఉంది. నాన్న ఫోన్ చేసి నన్ను మెచ్చుకున్నారు. అమ్మ కూడా ఫోన్ తీసుకుని మెచ్చుకుంది.

జులై 28

పగలు అత్తయ్య దగ్గర ఉండే నర్సు ఈ రోజు నన్ను గుమ్మం బయటికి పిలిచి చెప్పింది. మధ్యాహ్నాలు అత్తయ్య కళ్లు మూసుకుని ఏదో గొణుగుతోందట. జ్వరమేమోనని దగ్గరికి వెళ్లి వింటే, తాను పాఠాలు చెప్పిన మొదటి ఏడాది క్లాసు హాజరు పట్టీ. ఒకటి నుంచి నలభై. రోజూ పదిహేడు దగ్గర ఆగిపోతోందట. ఆ పేరు రాదు. మళ్లీ ఒకటి నుంచి మొదలు.

"ముప్పైమూడేళ్ల కిందటి పట్టీ అమ్మా, నాకు నిన్నటి కూర గుర్తుండదు," అంది నర్సు. అత్తయ్యకు చెప్పవద్దంది.

నడవలో నీళ్ల సంగతి. చెప్పి ఉంటే తన తలను పరీక్షించుకునే ఆ పట్టీ ఆమెకు అక్కర్లేకపోయేది.

రేపు చెబుతాను.

జులై 29

లైబ్రరీలో ఆలస్యమైంది.

జులై 31

చెబుదామనే వెళ్లాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, నా కాలు విరగడం నీకు శిక్ష అయిందే, పాపం, అంది. నీళ్లు నమిలి వచ్చేశాను.

ఆగస్టు 4

గుడ్డ అయిపోయింది. రెండు నెలలు రావాల్సిన చుట్ట పదమూడు రోజుల్లో. పైన లావుపాటి తడిచుట్ట, కింద ఖాళీ అట్టగొట్టం. తప్పు ఎక్కడుందో తెలియలేదు. మాన్యువల్ మళ్లీ చదివాను. మాన్యువల్ ప్రకారం నేను సరిగ్గానే చేశాను.

అత్తయ్యకు చెప్పాను. ఈ మాత్రం చెప్పగలిగాను.

ఆగస్టు 5

నేనైతే పారేసేదాన్ని. ఈ రోజు పొద్దున్నే అత్తయ్య ఆ వాడేసిన చుట్టను తన దగ్గరికి తెమ్మంది. కంపు కొడుతోందన్నాను. ముప్పై ఏళ్లు ఫార్మలిన్ పీల్చిన ముక్కు ఇది, తే, అంది.

మంచం మీద పాత పేపర్లు పరిచాం. నర్సు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక కొస పట్టుకుంది, నేను రెండో కొస. అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని జవాబుపత్రాలు దిద్దేటప్పటిలా ముందుకు వంగింది. గుడ్డ మీద గోధుమరంగు చారలు, మధ్య మధ్య తెల్లగా మూరెడేసి ముక్కలు. గది నిండా సముద్రం వెనక్కు పోయినప్పటి వాసన.

"ఇదిగో, ఈ ముదురుచార. ఆ రోజు తిండి ఎక్కువ వేశావు."

అవును. జులై ముప్పైన చెయ్యి జారింది.

"మురికి ఉన్నచోట నాకు దిగుల్లేదు. మురికి ఉందంటే అది పనిచేసినట్టు. ఈ తెల్లగా ఉన్నచోటే గొడవ. మురికే లేకుండా మూరెడు గుడ్డ ఎందుకు లాగింది?" తెల్ల ముక్కలు వేలితో లెక్కపెట్టింది. "రోజుకు రెండు. రోజుకు రెండుసార్లు నువ్వు చేసే పనేమిటి?"

"తిండి వేస్తాను."

"వేసేటప్పుడు?"

"నువ్వు చెప్పినట్టే, పది నిమిషాలు పంపు ఆపుతాను."

అత్తయ్య వెనక్కు వాలి నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా నవ్వడం ఇదే మొదలు. తిండి కొట్టుకుపోకుండా పంపు ఆపితే పైనీళ్లు కొన్ని కిందికి దిగుతాయి. కిందితొట్టిలో మట్టం లేస్తుంది. ఫ్లోట్ లేస్తుంది. గుడ్డకు మురికి పట్టిందనుకుని మోటారు లాగుతూనే ఉంటుంది, పంపు మళ్లీ వేసేదాకా. నేను మట్టం కొలిచింది పంపు నడుస్తున్నప్పుడు. ఆపి కూడా కొలవాలి.

"పెట్టెను రెండు వేళ్లు పైకి జరుపు. అంతే జబ్బు," అంది. నర్సు కొస వదిలేసి చప్పట్లు కొట్టింది.

మంచంలోంచి లేవకుండా, తొట్టి చూడకుండా, ఒక మురికిగుడ్డ చూసి చెప్పింది. నేను మూడుసార్లు చదివి చేసిన తప్పు.

గుడ్డ చుట్టేస్తుంటే నవ్వు ఆగిపోయింది. తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది: "ఇవన్నీ తెలుస్తున్నాయి. ఆ నీళ్ల సంగతి మాత్రం ఎంత వెతికినా లేదు. తల్లో అంత మేర తెల్లగా ఉంది."

ఆగస్టు 6

పెట్టె రెండు వేళ్లు పైకి జరిపాను. పంపు ఆపి కొలిచాను, వేసి కొలిచాను. కొత్త చుట్ట పెట్టాను. సరిగ్గా నడుస్తోంది.

ఆగస్టు 7

సరిగ్గా నడుస్తోందని చెప్పాను. సంతోషం, చేపలాయనకు అలవాటు చేసి ఇవ్వు, అంది అత్తయ్య. పదో తారీఖున వెళ్లిపోవడానికే నిశ్చయించుకుంది. తొట్టి తనంతట తాను నడుస్తుందని రుజువైంది, తాను నడవగలదని కాలేదు అంది. నన్ను అట్టపెట్టెలు తెమ్మంది. తన పుస్తకాల్లో నాకు కావలసినవి ఏరుకోమంది.

ఒక్కటి కూడా ఏరుకోలేదు.

ఆగస్టు 8

చెప్పాను.

మధ్యాహ్నం నర్సు కిందికి వెళ్లింది. అత్తయ్య కళ్లు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. పదిహేను, పదహారు. ఆగింది. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

"అత్తయ్యా, ఆ నీళ్లు నావి."

కళ్లు తెరిచింది.

మొత్తం చెప్పాను. ఆ రోజు మేజోడు ఉతకడం నా వంతు. రెండుసార్లు గుర్తుచేసింది. పుస్తకం మధ్యలో లేవాల్సి వచ్చిందని విసుగు. బకెట్ కోసం వెతకడం బద్ధకమై ఒట్టిచేతులతో మోసుకెళ్లాను. నడవ పొడుగునా కారింది. బాత్రూంలో పడేసి, ఈ అధ్యాయం అయ్యాక తుడుద్దాంలే అని గదిలోకి వెళ్లిపోయాను. ఆసుపత్రి నుంచి ఆ సాయంత్రం బట్టల కోసం ఇంటికి వస్తే నడవలో నీళ్లు ఎండిపోయి వరసగా తెల్లచుక్కలు ఉన్నాయి. జగ్గులోవి మంచినీళ్లు, ఎండితే ఏమీ మిగలదు. తెల్లచుక్క మిగిలిందంటే ఉప్పునీరు. అత్తయ్య ఒక్క చుక్క చూసినా తెలిసిపోయేది. అందుకే తుడిచాను. మర్నాడు మళ్లీ. ఆ తర్వాత వెనిగర్‌తో.

అత్తయ్య పైకప్పు చూసింది. పంపు చప్పుడు వినిపిస్తోంది.

"అంటే నేను జగ్గు కడిగి బోర్లించాను."

"బోర్లించావు."

"నడవలోకి తీసుకెళ్లలేదు."

"లేదు."

ఆమె ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"కాలు సంగతి వదిలెయ్. కాలు నీవల్ల కాకపోతే ఇంకోదాని వల్ల విరిగేది. ఐదు వారాలు. ఐదు వారాలు నా తల మీద నాకే అనుమానం పెట్టావు. పక్కగదిలో కూర్చుని. ఆ గుడ్డ నా ముందు పరిచినప్పుడు కూడా నోరు మెదపలేదు."

తల కొట్టేసినట్టయింది. క్షమించమని అడగాలని కూడా తోచలేదు. ఆమే అడిగింది, నేను పడ్డప్పుడు ఎక్కడున్నావు అని. గదిలో, చదువుకుంటున్నాను, అన్నాను.

"పిలవగానే వచ్చావులే. అదొక్కటి చేశావు." కళ్లు మూసుకుంది. "వెళ్లు. వాటికి తిండి వేసే వేళయింది. పంపు ఆపు."

ఆగస్టు 9

అత్తయ్య నాతో చేపల గురించి తప్ప మాట్లాడటం లేదు. నర్సు చేత ఫోన్ తెప్పించుకుని నాన్నకు వ్యాన్ వద్దని చెప్పింది. ఎందుకని ఆయన అడిగినట్టున్నారు. "నీళ్లు నేను ఒలకబోయలేదురా, గుర్తొచ్చింది," అంది. నా పేరు ఎత్తలేదు. ఆ తర్వాత చేపలాయనకూ ఫోన్ చేసింది. తాను కొన్న తొట్టి పోయినంతగా నిట్టూర్చాడట.

సాయంత్రం వాకర్ మీద ఆనుకుని, మంచి కాలి మీదే గెంతుతూ, మొదటిసారి గది దాటి హాల్లోకి వచ్చింది. నర్సు ఒకవైపు, నేను ఒకవైపు. దారి పొడుగునా నేల చూసుకుంటూ వచ్చింది. కుర్చీలో కూర్చుని కింది అర తెరిపించి రోలర్‌ను చూసింది. బాగానే బిగించావు, అంది, యంత్రంతో మాట్లాడుతున్నట్టు. డెంటిస్టు ఆవిడ నోట్లో దూరి ఉంది. అత్తయ్య మూత అంచున మిగిలిన ఉప్పును వేలితో తుడిచింది, ఆ పాత జాడ ఆగినచోటి నుంచి.

పదిహేడో నంబరు పేరు గుర్తొచ్చిందట. నర్సుతో చెప్పింది.

అన్నీ చెప్పేశానని నిన్న రాద్దామనుకున్నాను. రాయలేదు.

జులై మూడో తారీఖున ఆమె పడ్డ చప్పుడు నాకు వినిపించింది. ఆమె పిలవడం కూడా వినిపించింది, రెండుసార్లు. చదువుతున్న పేజీలో ఇంకా పదకొండు పంక్తులు ఉన్నాయి. అవి చదివి లేచాను.